హల్వార్ గారి గోడకో కత్తి

అలా చూడకండి హల్వార్ గారూ! కత్తిని చూసి పొమ్మంటే నా మొహం చూస్తారేమిటి? కత్తి అదిగో, బల్ల మీద. ఆఁ, అదే. గుర్రపు నాడాలా వంగి ఉన్నదే. పొద్దున్నే ఫెర్రీ పట్టుకుని, వానలో తడుచుకుంటూ మీరు చూడ్డానికి వచ్చింది దాన్నే.

విరగలేదు. దాని మీద పడవేమీ పడలేదు. నేనే వంచాను. నా చేతులతో, కావాలని వంచాను.

ముందు కూర్చోండి. అబ్బే, ఆ పీట మీద కాదు, దాని నిండా నూనె. ఇటు. కాఫీ పోస్తాను. వాఫల్స్ ఉన్నాయి, మేకపాల చీజ్ కూడా ఉంది. తినండి. కడుపు నిండితే కోపం తగ్గుతుందేమో. కోపం లేదా? మరి ఆ కనుబొమలెందుకు అంత పైకి పోయాయి?

చూడండి, మీ ముందు దాచడమెందుకు. మీ ఇంట్లో కత్తులు తగిలించే ఆ గోడ సంగతి నాకు బాగా తెలుసు. కొండల మధ్య ఈ సముద్రపు పాయ, ఈ ఫ్యోర్డ్ పొడుగునా పాత కత్తులకి నకళ్లు చేసేవాళ్లంతా ఏ గోడ వైపు చూస్తారో తెలుసు. మ్యూజియం వాళ్లొచ్చి చూసేది అదే గోడ. సంతల వాళ్లు, నాటకాల వాళ్లు వచ్చి "ఇది ఎవరు చేశారు, అది ఎవరు చేశారు" అని అడిగేదీ అక్కడే. ఆ గోడ మీద చోటు దొరికితే కత్తుల కమ్మరి. దొరక్కపోతే వంటింటి చాకుల కమ్మరి.

నేను అంతకంటే కిందే ఉన్నాను. వేసవిలో ఓడలు దిగొచ్చే టూరిస్టులకి సాసేజ్ కాల్చే చువ్వలు చేస్తాను, కోట్లు తగిలించే కొక్కేలు చేస్తాను. "మీ ఆయన లేడా అమ్మా, కమ్మరి ఎక్కడ?" అని అడుగుతారు నన్ను, చేతిలో సుత్తి పట్టుకుని నిలబడి ఉన్నదాన్ని! ఈరోజు మీరు సరేనంటే ఆ రోజులు పోతాయి. కాదంటే మళ్లీ కొక్కేలే. అందుకే ఇంత గొంతు చించుకుంటున్నాను. ఊరికే అరిచే మనిషిననుకోకండి. ఊరికే కూడా అరుస్తాననుకోండి, అది వేరే సంగతి.

సరే, అసలు విషయానికి వద్దాం. ఆకులు రాలే రోజుల్లో మీరు ఇక్కడికొచ్చి ఏమన్నారు? ఈ పడవల కొట్టంలోనే, ఆ తలుపు దగ్గరే నిలబడి. "మ్యూజియంలో ఉన్న ఆ కత్తికి నకలు కావాలి యోరున్. అక్కడ ఎలా ఉందో అలాగే. వెంట్రుకవాసి తేడా ఉండకూడదు." అన్నారా, లేదా?

అన్నారు కదా. మరి అక్కడ ఎలా ఉంది? అద్దాల పెట్టెలో తిన్నగా పడుకుని ఉందా? వంగి ఉంది! మొన మళ్లీ పిడి వైపు చూసేలా వంగి ఉంది. పొలం దున్నుతుంటే ఆ రూపంలోనే బయటపడింది. మ్యూజియం వాళ్లు బొమ్మ గీసిందీ ఆ రూపంలోనే. మీరు ఆ బొమ్మే కదా నా చేతిలో పెట్టారు?

"అందరూ తిన్నగానే చేస్తారు" అంటారా? చేస్తారు, నాకు తెలీదా? వంగిన కత్తి బొమ్మ చూపిస్తే కమ్మరి తిన్నటి కత్తి చేసిస్తాడు, కొన్నవాడు నోరెత్తకుండా గోడకి తగిలించుకుంటాడు. అది మనందరికీ అలవాటైపోయింది. ఆ పాత కత్తి పుట్టినప్పుడు ఎలా ఉందో ఎవరు చూశారండీ? మీరు చూశారా? మనం చూసింది దాని చావునే. కళ్లెదుట ఉన్నదాన్ని వదిలేసి, ఎవరూ చూడనిదానికి నకలు తీసి, దాన్ని "అచ్చం అలాగే ఉంది" అంటున్నాం. పైగా గర్వం ఒకటి!

మన పాతవాళ్ల సంగతి మీకు నేను చెప్పాలా? మీరే నాకు చెప్పారు. మనిషిని చితి మీద పెట్టేవాళ్లు. ఆ నిప్పుల్లోనే కత్తి మెత్తబడేది. దాన్ని తీసి, వంచి, బూడిదతో కలిపి మట్టిలో పెట్టేవాళ్లు. మనిషి పోయాక అతని కత్తి ఇంకొకడి నడుముకి వేలాడడమేమిటని దాన్ని కూడా చంపేవాళ్లు. ఆ వంపు పెట్టినవాడికి చేతులు వణికి ఉంటాయా, ఉండవా? అన్న కత్తో, నాన్న కత్తో అయి ఉంటుంది కదా. మీ గోడ మీది తిన్నటి కత్తుల్లో ఆ చేతులు ఎక్కడైనా కనిపిస్తాయా? దీంట్లో కనిపిస్తాయి.

ఊఁ. మాట్లాడరు. మీ ఆవిడ బొర్గిల్ గారు చెప్పింది నిజమే. పోయిన వేసవి సంతలో నా చెవిలో ఏమందో తెలుసా? "పెళ్లైన కొత్తలో మా ఆయన సిగ్గుపడుతున్నాడనుకున్నానమ్మా. ఇన్నేళ్లకి తెలిసింది, లోపల చెప్పడానికి ఏమీ లేదు" అంది! నవ్వండి, పరవాలేదు. నేను ఆవిడకి చెప్పన్లెండి.

తీయండి, మీ సంచీలో ఉన్నవన్నీ బయటికి తీయండి. తక్కెడ, భూతద్దం, మందం కొలిచే ఆ ఇత్తడి పనిముట్టు. వంగిందని వదిలేయొద్దు. తిన్నటి కత్తికి ఎలా పరీక్ష పెడతారో దీనికీ అలాగే పెట్టండి.

బరువు చూడండి. సరిపోయిందా? మ్యూజియం కత్తి తుప్పు తినేసి తేలికైపోయింది, ఆ తుప్పు తినని రోజున ఎంత ఉండేదో లెక్కేసి చేశాను. పిడి పట్టుకుని ఊపండి. గట్టిగా! ఏమైనా కదిలిందా? కదలదు. పిడి పైన ఈ అడ్డపట్టీ మీద వెండి తీగ, రాగి తీగ పక్కపక్కనే పరిచాను, చూడండి. భూతద్దం పెట్టండి. గోరుతో గీకండి. ఏదీ, ఒక్క తీగ లేపండి చూద్దాం! చలికాలం అంతా నా కళ్లు వాటికే ఇచ్చాను.

ఇప్పుడు అలుగు, పిడి నుంచి మొన దాకా ఉన్న ఇనుమంతా. నడిమి గాడిలో ఆ చారలు చూశారా, పాము కుబుసంలా? ఉక్కు, మెత్తటి ఇనుము కలిపి మెలితిప్పి, కొట్టి, మళ్లీ మెలితిప్పి చేశాను. వంపు దగ్గర చారలు ఎలా సాగాయో చూడండి. చీలిందా ఎక్కడైనా? అతుకు విడిందా? అలుగు మంచిది కాకపోతే వంపు దగ్గరే పగిలి ఉండేది. ఆ మాట మీకూ తెలుసు.

బరువు ఎక్కడ నిలుస్తుందో చూస్తారా? వేలి మీద పెట్టకండి, ఉయ్యాలలా ఊగుతుంది. హహ్హ! చెప్పానా! పడిపోతుంది, పట్టుకోండి.

తట్టి చూశారా? మోగలేదు. నిజమే. తిన్నటి కత్తి అయితే గంటలా మోగేది. చచ్చినవాళ్లు మాట్లాడతారేమిటండీ?

తార్యే గారైతే ఇలా చేసేవారు కాదు అంటున్నారు. అనరా మరి! ఆయన దగ్గర నేర్చుకున్నాను కాబట్టి నేనేం చేసినా కొలవడానికి ఆయనే గజంబద్ద. ఆయన కొలిమి ముందు నిలబడి నేను ఏళ్ల తరబడి తిత్తి ఊదాను. ఇప్పుడాయన చేతులు వణుకుతున్నాయి, సుత్తి పట్టలేరు, తెలుసు. ఆయన మీదున్న గౌరవం మీకెంతో నాకూ అంతే. కానీ ఆయన కాలం వేరు. నేను చేస్తే నాలాగే చేస్తాను. నకలుకి నకలు చేయమంటే నా వల్ల కాదు.

ఏమిటి? మళ్లీ చెప్పండి.

ఊపిరి లోపలికి పీల్చి అన్న ఆ "యా" ఏ "యా" హల్వార్ గారూ? ఒప్పుకున్నట్టా, పంటి నొప్పి లేచినట్టా?

ఒప్పుకున్నట్టే!

చూశారా, మీకే నవ్వొస్తోంది! "ఇలాంటిది ఈ చుట్టుపక్కల ఎవరి దగ్గరా లేదు" అంటున్నారు. ఎవరి దగ్గర ఉంటుంది? ఎవరికి ధైర్యం ఉంది? వచ్చేవాళ్లంతా ఆగి చూస్తారు. "ఇదేమిటి, ఇలా వంగింది?" అని అడుగుతారు. అప్పుడు మీరు చితి గురించీ మట్టి గురించీ చెబుతారు. మీరు! నోరు విప్పి! బొర్గిల్ గారు పండగ చేసుకుంటారు. ఇంకో కప్పు పోస్తాను ఉండండి...

ఎక్కడ పెడతారు? తలుపుకి ఎదురుగానా? అబ్బో. లోపలికి రాగానే కనిపించేలా. సరే మరి. అక్కడ ఇప్పుడు ఏముంది?

ఏముందీ?

తార్యే గారిది.

దించుతారా? గోడ నిండిపోయిందంటే... పక్కకి జరపలేరా? ఇంకో మేకు కొట్టుకోవచ్చు కదా. బొర్గిల్ గారు ఇంకో మేకు కూడా కొట్టనివ్వరా. మరి దాన్నేం చేస్తారు? మంచం కింద పెడతారా? తార్యే గారు చేసిన చివరి కత్తిని గుడ్డలో చుట్టి మంచం కింద, చలికాలం బూట్ల పక్కన పెడతారా?

వద్దు.

వద్దంటున్నాను. కొలవకండి. ఆ కొలత తాడు లోపల పెట్టేయండి. బల్ల మీంచి చేతులు తీయండి హల్వార్ గారూ, దయచేసి.

ఒక్క నిమిషం ఆగండి. నీళ్లు తాగనివ్వండి.

అది మెలిక తిరిగింది. నూనెలో. అలుగు గట్టిపడాలని కాల్చి నూనెలో ముంచాను కదా, బయటికి తీసేసరికి ఓడ పంకా రెక్కలా మెలిక తిరిగి ఉంది. ఎందుకు తిరిగిందో కూడా చెబుతాను, వినండి. పక్క కొట్టంలో చేపల వలలు బాగుచేసే స్వెర్రే లేడూ, అతను ఆ తలుపు దగ్గరికొచ్చి, రేవుకి కొత్త రోడ్డు అక్కర్లేదన్నాడు. అలుగు నిప్పుల్లో ఉంది. నా కళ్లు దాని రంగు మీద ఉండాలి. ఉన్నాయా? లేవు. నేను తలుపు వైపు తిరిగి, స్వెర్రే నోరు మూయించేదాకా వదల్లేదు. మూయించాను. ఆ వాదన నెగ్గాను హల్వార్ గారూ! ఇటు అలుగు ఒక పక్క ఎర్రగా, ఒక పక్క పసుపుగా కాలిపోయింది. వేడి సమంగా లేకుండా నూనెలో ముంచితే మెలిక తిరగదూ?

సరిచేద్దామని చూశాను. ఒక వైపు లాగితే ఇంకో వైపు పోతుంది. ఏడుపొచ్చింది. మీరేమో వస్తున్నానని కబురు పెట్టేశారు. గోడ మీద అంటించుకున్న, మీరిచ్చిన కత్తి బొమ్మ వైపు చూశాను. అంతవరకూ ఆ వంపు నా కంటికి ఆనలేదు, ఒట్టు. నేనూ అందరిలాగే తిన్నటి కత్తే చేస్తున్నాను! అప్పుడు కనిపించింది. మళ్లీ కాల్చి, దాగలి దిమ్మ అంచు మీద పెట్టి వంచేశాను. వంపులో మెలిక కలిసిపోయింది. ఏదీ, మొన వైపు నుంచి చూడండి. ఇంకొంచెం వంగి. కనిపించిందా?

ఆఁ. అదే.

చితి, మట్టి, చేతులు వణకడం... అవన్నీ తర్వాత గుర్తొచ్చాయి. మీరు ఫెర్రీ దిగి వస్తుంటే కిటికీలోంచి చూస్తూ ఒక్కొక్కటీ పేర్చుకున్నాను. మంట ఎక్కడంటే, వాటిలో ఒక్క ముక్క కూడా అబద్ధం కాదు. ఇప్పుడు అడిగినా అవే చెబుతాను. ఇంకెవరైనా ఆ మాట నమ్మి, చేతులారా వంచి తెస్తే, దాని పక్షాన మీతో పోట్లాడతాను. కానీ నేను నమ్మి వంచలేదు. దొరికిపోతానని వంచాను. అలాంటిదాన్ని పెట్టడానికి ఆయన కత్తి దించుతారా?

ఏమిటీ? అయినా ఇదే కావాలా?

అమ్మను. ఎంతిచ్చినా అమ్మను. ఇదంతా విన్నాక కూడా ఇదే కావాలంటే మీకు కావలసింది కత్తి కాదు, దాని కథ. కథ నేను ఊరికే చెప్పాను, తీసుకెళ్లండి, వచ్చినవాళ్లందరికీ చెప్పుకోండి. గోడ మీద మాత్రం తార్యే గారిది ఎక్కడుందో అక్కడే ఉండాలి. నాది ఎక్కాలంటే, ఎక్కేరోజు వస్తే, బొర్గిల్ గారిని బతిమాలుకుని ఇంకో మేకు కొట్టించుకోండి.

పిడి బాగుంది కదా? అది పనికొస్తుంది, విప్పేస్తాను. అలుగు మాత్రం మళ్లీ మొదటి నుంచి. వేసవి సంతకి అందదు. అందకపోతే అందదు. చువ్వలు చేసుకుంటాను, ఏం, చేతులు పడిపోయాయా!

అదిగో, ఫెర్రీ కూత వేస్తోంది. లేవరేం? వెళ్లిపోతుంది!

వెళ్లిపోనివ్వమంటారా? సరే, మీ ఇష్టం. సాయంత్రం దాకా ఇంకోటి లేదు మరి. కూర్చోండి, కొలిమి రాజేస్తాను. ఇప్పుడే మొదలుపెడతాను, ఈ ఊపు మీదే. మీరు ఆ తలుపు మాత్రం మూసి, గడియ పెట్టండి. స్వెర్రే తలుపు తట్టినా తీయొద్దు. ఇనుము నిప్పుల్లో ఉన్నంతసేపూ మీరు నాతో ఒక్క మాట...

మీతో ఏం ఇబ్బంది ఉంది లెండి. మూయాల్సింది నా నోరే.