నూనె తొట్టిలో కంప్యూటరు

వీధిలో అందరూ అతణ్ణి ఇంజినీరనే పిలుస్తారు, చదివినందుకు కాదు, కాదని వాదించే ఓపిక లేక. పాత కంప్యూటర్లు బాగుచేస్తాడు. టీ కొట్టు వెనక గదే అతని ఇల్లూ, దుకాణమూ.

ఆ సాయంత్రం టీ కొట్టు బల్ల మీద దర్జీ అక్క కూడా కూర్చుంది. మాటిమాటికీ వేడెక్కి ఆగిపోతోందని ఆమె ఇచ్చిన కంప్యూటరు పది రోజులైనా తిరిగి రాలేదు. నూట ఇరవై మంది బడి పిల్లల కొలతలు అందులోనే ఉన్నాయి. మర్నాడు పొద్దున్నే కత్తెర పట్టకపోతే యూనిఫారాల పని చేజారిపోతుంది. అడుగుతుందని పసిగట్టి ఇంజినీరు ముందే అందుకున్నాడు.

"మొన్నీమధ్య ఇంట్లో చిన్న ప్రయోగం చేశాను లెండి, గొప్పేం కాదు. చేపల తొట్టి తెచ్చి, మినరల్ ఆయిల్ నింపి, కంప్యూటరుని అందులో ముంచేశాను."

"షాక్ కొట్టదూ?" అన్నాడు బస్సు డ్రైవరు.

"నీళ్ళయితే కొడుతుంది. ఈ నూనెలో కరెంటు పారదు, వేడి మాత్రం లాగేస్తుంది. ఆన్ చేశానా, ఆ తర్వాత ఏమైందో తెలుసా? గదంతా చల్లబడిపోయి దుప్పటి కప్పుకున్నాను. రెండో రోజు పక్కింటావిడ ఫ్రిజ్ కట్టేసి పాలగిన్నె తెచ్చి మా గోడకి ఆనించి పెట్టుకుంది. మూడో రోజు కిటికీలోంచి తొంగిచూసిన ఇంటి ఓనరు మీసం గడ్డకట్టుకుపోయింది!"

"ఆయనకి మీసమెక్కడిదయ్యా?" అన్నాడు టీ కొట్టాయన.

"అందుకేగా తీసేశాడు! ఇక వేగమంటారా, మర్నాటి పేపరు ముందురోజే చదివేశాను. ఇంతెందుకు, ఈ వారం ఎండలు తగ్గాయా లేదా? మబ్బులనుకున్నారు పాపం."

అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. ఆ నవ్వుకి ఇంజినీరు ఉబ్బిపోయాడు.

"ఇంతకీ అది ఎవరి కంప్యూటరు తమ్ముడూ?" అంది అక్క.

"మీదే అక్కా! మీది వేడెక్కుతుంటే నా మనసు ఊరుకుంటుందా?"

అక్క ముఖం పాలిపోయింది. "కొలతలున్న డిస్కు కూడానా?"

"మొత్తం!"

"దానికి గాలాడే చిన్న చిల్లుంటుంది, మూయొద్దని దాని మీదే రాసుంటుంది. ఇదివరకు బాగుచేసినాయన చూపించాడు. నూనె లోపలికి పోయుంటే నా పనంతా గంగలో కలిసినట్టేగా!"

ఎవరూ నవ్వలేదు. కథ నిజమంటే ఆమె కొంప ముంచినట్టు, అబద్ధమంటే పదిమందిలో పరువు పోయినట్టు. ఇంజినీరు చెవులు వేడెక్కాయి.

"లేదక్కా. తొట్టీ లేదు, నూనే లేదు. మంచం కింద పెట్టాను, ముట్టుకోనేలేదు. ఒట్టు!"

"మీసం సంగతి చెప్పినప్పుడూ మొహం ఇలాగే పెట్టాడు," అన్నాడు డ్రైవరు. నిజం చెప్పి నమ్మించలేకపోవడం ఇంజినీరుకి అదే మొదటిసారి.

అందరూ గదిలోకి నడిచారు. లోపల ఉక్కకి చొక్కాలు ఒంటికంటుకున్నాయి. అక్క మంచం కిందనుంచి సంచీ లాగింది. తెచ్చిననాడు మూతిని రెండు పేటల దారంతో తనే కుట్టి ఇచ్చింది. వేలితో తడిమి చూసుకుంది. ఒక్క కుట్టూ తెగలేదు.

"బతికాను," అంది కళ్ళు తుడుచుకుంటూ. వెంటనే కత్తెర తీసి కుట్లు కత్తిరించి, కంప్యూటరుని అతని ముందు పెట్టింది. "ఇప్పుడే, మా అందరి ముందే బాగుచెయ్యి. నోరు మాత్రం విప్పకు."

ఇంజినీరు మూత తీశాడు. ఫ్యాను నిండా గుడ్డ పీచు, దారపు ముక్కలు. చిన్న బ్రష్షుతో దులిపి, ఊది, తుడిచి, తన దగ్గరున్న తెరకి తగిలించి ఆన్ చేశాడు. పావుగంట పని. ఫ్యాను తిరిగింది, తెర మీద పిల్లల కొలతలు వరసగా కనిపించాయి.

ఇంజినీరు తలెత్తి అందరివంకా చూశాడు. "అసలు ఈ ఫ్యాను వేగానికి..." అని మొదలుపెట్టాడో లేదో, అక్క అతని మొహం ముందు కత్తెర టకటకలాడించింది.