ఊది చూడటం వరకే

వెదురు వేణువులు చేసే అక్క, వాటిని వాయించే తమ్ముడు. మధ్యాహ్నం పూట, అక్క పనిగదిలో.

"అది కాదక్కా. ఇదీ కాదు. ఆ రోజుది ఇవ్వమంటున్నా."

"ఏ రోజుదిరా?"

"అదే, పోయిన నెల నేనొచ్చినప్పుడు, ఈ కిటికీ దగ్గర కూర్చుని ఊది చూశావే, అది."

"రోజూ ఇక్కడే కూర్చుంటాను. బెజ్జాలు కాల్చడం, చల్లారాక ఊది చూడటం, శ్రుతి తక్కువైతే ఆకురాయితో బెజ్జం కాస్త పెద్దది చేయడం. ఇదేగా నా బతుకు. ఏ వేణువని చెప్పను?"

"వాన పడుతోంది ఆ రోజు. పొడుగుది. పాట కూడా కాదు, ఊరికే అలా ఊదుకుంటూ పోయావు చాలాసేపు."

"పొడుగువన్నీ ఇవిగో, నీ ముందే పెట్టాను. వాయించి చూసుకో."

"చూశానుగా. ఒక్కటీ అలా పలకదు."

"ఎలా?"

"అలాగే. నువ్వు దాచావక్కా. ఇంకెవరికో అట్టే పెట్టావు."

"ఎవరికిరా? నాన్న పోయాక ఈ గదిలో మంచి వెదురంటూ పడితే, ముందు నీకు చూపించకుండా ఏనాడైనా గడప దాటించానా?"

"దాటించలేదులే."

"మరి?"

"మరేం లేదు. రేపు ఆ కచేరీ బృందంలో నా మొదటి రోజు. బృందం నడిపే పెద్దాయన ఎదురుగా కూర్చుని వింటాడట. నచ్చితే నా కుర్చీ ఖాయం. లేదంటే మళ్ళీ ఆ హోటళ్ళే. తినేవాళ్ళ చెవిలో ఊదుకుంటూ ముసలాణ్ణైపోతా."

"అవును కదూ, రేపే. నిన్నెలా తీసుకున్నారన్నావు?"

"చెప్పానుగా. రికార్డింగ్ పంపాను. విన్నారు, రమ్మన్నారు."

"ఏం వాయించి పంపావు?"

"ఏదో ఒకటి వాయించాన్లే."

"ఏదో ఒకటి అంటే?"

"అబ్బా, ఏంటక్కా ఈ ఆరాలు."

"అడక్కూడదా? చిన్నప్పుడు నీకు వేళ్ళు అందకపోతే, నాన్నకు తెలియకుండా బెజ్జాలు దగ్గరగా కాల్చి ఇచ్చింది నేనేగా."

"అందుకేగా నీ దగ్గరికే వచ్చాను. ఆ వేణువొక్కటీ ఇస్తే చాలు."

"అయితే వాళ్ళకి నచ్చింది వేణువా?"

"వేణువు మంచిదైతే సగం పని అయినట్టే."

"మిగతా సగం?"

"అది నేను చూసుకుంటా."

"సరే. నీ సంచిలో ఉన్నది తియ్యి."

"ఇదా? ఇది ఒట్టి మొద్దు. నెల్రోజులుగా దీంతో కుస్తీ పడుతున్నా, గాలి పోవడమే తప్ప పలికి చావదు. పొయ్యిలోకి తప్ప దేనికీ పనికిరాదు."

"ఇటివ్వు. లోపల నూనె కూడా రాయలేదు, ఎలా ఎండబెట్టావో చూడు. సరే, కాసేపు మాట్లాడకుండా విను... విన్నావా?"

"ఇదేనా అది?"

"ఇదే. ఆ రోజు నువ్వు వెళ్తూ వెళ్తూ పట్టుకుపోయావు."

"మరి నా దగ్గర అలా పలకదేం?"

"నన్నడుగుతావేంట్రా?"

"ఇప్పుడేదో చేశావు నువ్వు. పెదవి ఆనించే చోట ఏదో చేశావు."

"నీ కళ్ళ ముందేగా ఉన్నాను. ఊది చూశానంతే. నాన్న నాకు నేర్పింది అదేగా. 'నువ్వు ఊది చూడమ్మా, వాడు వాయిస్తాడు' అనేవాడు. పలుకుతోందో లేదో చూసి పక్కన పెట్టడం వరకే నా వంతు. మీరిద్దరూ సాధనకి కూర్చుంటే, నేనిక్కడ గరుకు కాగితం రుద్దుకుంటూ గోడవతల నుంచి వినేదాన్ని. చప్పుడవుతోందని నాన్న విసుక్కుంటే రుద్దడం కూడా ఆపేసేదాన్ని."

"ఇప్పుడవన్నీ ఎందుకక్కా."

"ఎందుకో. కడుపులో ఉన్నది నోటికొచ్చింది. నువ్వేమైనా చెప్పాలా నాకు?"

"నేనా? నేనేం చెప్పాలి?"

"ఏమో. ఆ రోజు నేను ఊదుతుంటే నీ ఫోను ఈ బల్ల మీద పెట్టావు."

"చార్జింగ్‌కి పెట్టుంటా."

"ప్లగ్గు ఆ గోడకి కదరా ఉంది."

"అయితే టైం చూసుకోడానికి. నాకేం గుర్తుంటుందక్కా. ఇప్పుడా ఫోను గొడవెందుకు?"

"సరే, వదిలెయ్. అన్నం తిన్నావా?"

"తిన్నాలే. అక్కా, ఒకటి అడుగుతాను, కాదనకు."

"అడుగు."

"నా పెదవి పగిలింది. ఇదిగో, ఇక్కడ."

"కనబడటం లేదే."

"లోపలి వైపు. ఊదితే భగ్గుమంటోంది. అందుకని, రేపొక్క పూట నా బదులు నువ్వు ఊదు. అక్కడ వెనక నల్ల తెర ఉంటుంది. నేను ముందు కూర్చుంటా, నువ్వు దాని వెనకాల. ఎవరికీ తెలీదు. ఆ తర్వాత నా తిప్పలేవో నేను పడతా."

"పెదవి పగిలినందుకేనా?"

"అందుకే."

"ఇంకేం లేదా?"

"ఇంకేముంటుంది?"

"అటు కాదు, నా మొహం చూసి చెప్పు."

"ఇంకేం లేదక్కా. నాన్న మీద ఒట్టు."

"ఆయన్ని కూడా లాక్కొచ్చావూ. సరే."

"సరే అంటే, వస్తావా?"

"వస్తాను."

"అమ్మయ్య, బతికించావక్కా. తెర వెనక నీకు కుర్చీ అదీ నేను..."

"తెర దేనికిరా? మీ పెద్దాయన పొద్దున ఇక్కడికే వచ్చాడు."

"ఎవరు? ఇక్కడికా?"

"నువ్వు పంపిన దాంట్లో వేణువు ఎవరు చేశారో వాకబు చేసుకుంటూ వచ్చాడు, అలాంటిదే ఇంకోటి కావాలని. వీటిలోంచి ఒకటి తీసి ఊది చూపించాను. ఆయన కాసేపు నన్నే చూసి, ఫోను తీసి నీ రికార్డింగ్ వినిపించాడు. వెనకాల వాన చప్పుడుతో సహా."

"అక్కా, అది..."

"'ఇది వాయించింది నువ్వా, నీ తమ్ముడా' అని అడిగాడు. 'నువ్వే అయితే రేపు నువ్వే రా' అన్నాడు."

"నువ్వేం చెప్పావు?"

"ఏమీ చెప్పలేదు. సాయంత్రం ఫోను చేసి చెప్తానన్నాను. నువ్వొచ్చి ఉన్నదున్నట్టు ఒక్క మాట అంటే చాలు, 'అది మా తమ్ముడు వాయించిందేనండీ' అని ఆయనకి అబద్ధం చెప్పేద్దామని, పొద్దుట్నుంచీ నీకోసమే చూస్తూ కూర్చున్నాను."