చారల బట్ట, రాణి

అజంతా గుహలో గోడకు మూరెడు దూరంలో నిలబడ్డ సిరిసిల్ల నేతకారుడు పావుగంటగా కదల్లేదు. కింద బస్సు ఎదురుచూస్తోందని వెనక నుంచి భార్య రెండుసార్లు చెప్పి చూసింది.

“పదిహేను వందల ఏండ్ల కిందటి చారలే ఇవి! ఒక్క పోగు వంకర లేదు. గీసినోడు మగ్గం గుంటల కూసున్నోడే.”

“బట్ట సరే. పక్కన రాణిని చూసినవా?”

“ఏ రాణి?”

“మొగడు సన్యాసుల్ల కలిసిండని పానం ఇడుస్తున్నదట. ఇప్పుడే గదా గైడు చెప్పిండు.”

“ఆగు, అంచు చూస్తున్న.”

“నా దిక్కు తిరగకుంట చెప్పు. నేనియ్యాల ఏ చీర కట్టిన?”

“నీలంది. కొంగుకాడ రెండు పోగులు తెగినయ్.”

ఆమె కొంగు వెతికి చూసుకుంది. సరిగ్గా రెండే. కాస్త ముచ్చటేసింది కూడా.

“మరి మొఖానికేం పెట్టుకున్న?”

“బొట్టు.”

“బొట్టు గాక?”

అతను అప్పుడు గోడను వదిలి వెనక్కి తిరిగాడు.

“కండ్లద్దాలా! ఎప్పుడు తెచ్చుకున్నవే?”

“దసరాకు. దుకాణానికి బండి మీద నువ్వే తీస్కపోయినవ్.”

“నేనా?”

“గా రాణి మొగడే నయం. ఇల్లు ఇడిసిపెట్టి సన్యాసి అయిండు. నువ్వు ఇంట్లుండే అయినవ్.”