పేరు రాయని వనిల్లా సీసా

హలో… ఒరే నసారియో, నేనేరా. మీ అక్క రెమెదియోస్‌ని… నోర్మూసుకుని విను. నువ్వు వేప్ సిగరెట్ల మందు కలుపుకునే గదిలోనే ఉన్నాను… తాళమా? గొడ్డలితో తీశాను.

ఒక్క ముక్క చెప్పు. నీ సీసాల్లో నికోటిన్ ఎంత ఘాటు?… ఎందుకేంట్రా! పసిపిల్ల తాగింది. నోట్లో నురగ, కాళ్ళూ చేతులూ కొట్టుకుంటోంది. ఆసుపత్రి నుంచి డాక్టరు ఇంకో ఫోన్లో అడుగుతున్నాడు…

మూడా? మిల్లీకి మూడు మిల్లీగ్రాములే?… రెండు గుక్కలకే పిల్ల పడిపోయిందిరా, అబద్ధాలకోరు వెధవా!

"నీకేం తెలీదు"! ఈ పాపాంత్లా ఊళ్ళో వనిల్లా సీసాకి పేరు రాసే ఇల్లుందా? అందరం సారా సీసాలోనే వనిల్లా కాయలు నానేస్తాం. వాసన చూస్తాం, పిల్లల పాలల్లో ఓ మూతెడు పోస్తాం. పోలీసుల కళ్ళు కప్పాలని నీ విషం అలాంటి సీసాలోనే పోశావు. పైగా వనిల్లా వాసన కూడా కలిపావు!…

మళ్ళీ మూడంటావా? ఇదిగో— విన్నావా? ఒక సీసా పోయింది. ఇంకోటి— నిజం చెప్పేదాకా నరుకుతూనే ఉంటా. నీ సరుకు అయ్యాక నీ తలకాయ…

ఆ డబ్బానా? తెల్లది, మూలనున్నదీ?… తగిలింది. చేతులన్నీ తడిసిపోయాయి… ఏంటీ? కడుక్కోవాలా?… ఒంట్లోకి ఎక్కుతుందా?

ఆగు ఆగు. మూడైతే చేతికంటితే ఏమవుతుందిరా?

…ఇదన్నమాట. ఇది పల్చన చెయ్యని అసలు సరుకు. చెప్పు, ఎంత?… గట్టిగా చెప్పు!… వంద.

డాక్టరుగారూ! వంద! మిల్లీకి వంద! పల్చన చెయ్యనిది…

నువ్వింకా ఉన్నావా? ఏమంటున్నావు?… అసలు సరుకు ఎవరికీ అమ్మలేదా? అంతా గదిలోనే ఉందా? ఆ ఒక్క సీసా తప్ప—

…ఏరా, ఏ సీసానో గుర్తొచ్చిందా?

ఆ. అదే. నిన్న పోలీసు జీపు కనబడగానే నీ వంటింటి అలమరలోకి మార్చావే, అదే. నీ పెళ్ళాం దెల్ఫీనా రోజూ చేసినట్టే చేసింది. పాలు కాచింది, బెల్లం వేసింది, వనిల్లా పోసింది…

అవును. నయేలి. నీ కూతురు.

ముందే చెప్పాల్సిందా? చెప్పనిచ్చావా నువ్వు? పసిపిల్ల అన్నాను. నురగ అన్నాను. ఎవరి పిల్ల అని ఒక్కసారన్నా అడిగావా? ఎవరో కొనుక్కున్నవాడి పిల్లైతే చచ్చినా ఫరవాలేదా నీకు?… ఏడవకు. ఇప్పుడు ఏడిస్తే గొంతు పిసికేస్తా.

ఆ డాక్టరుగారూ… ఊఁ… సరే.

గొంతులో గొట్టం వేశారట. గాలి వాళ్ళే కొడుతున్నారట… కళ్ళు తెరవలేదు.

రా. ఆసుపత్రికే రా. చేతులు కడుక్కుని నేనూ వస్తున్నా, గుమ్మంలో నిలబడతా. పిల్ల కళ్ళు తెరిస్తే నిన్ను లోపలికి పంపిస్తా. తెరవకపోతే… గొడ్డలి నాతోనే తెస్తున్నాన్రా, తమ్ముడూ.

పెట్టెయ్.