మా మామగారి వంకర పైపు

ఏమంటాడే ఆ ఫిట్టింగు అబ్బాయి? నీ వంటింట్లో పైపు అడ్డమొస్తోంది, గిన్నెలు తోమే మిషను అక్కడ పట్టదు, కోసి పారేస్తానంటాడా? ఆఁ, వాళ్ళకేం, చేతిలో రంపం ఉంటే ప్రతిదీ కొయ్యాల్సినట్టే కనిపిస్తుంది. నువ్వు మాత్రం అప్పుడే సరే అనకు. ఇలా వచ్చి కూర్చో. ఆ అట్టపెట్టె మీద కాదే, నలిగిపోతుంది, స్టూలు లాక్కో. మా మామగారి పైపు సంగతి నీకెప్పుడూ చెప్పలేదు కదూ? మామగారంటే మీ తాతకి నాన్న. నువ్వెక్కడ చూస్తావులే, నువ్వు పుట్టేనాటికే పోయి ఏళ్ళయింది. మనిషి ఆరడుగులు, రోజంతా కలిపి మాట్లాడేది ఆరు మాటలు. వర్క్‌షాపులో లేతు మీద మరలు కోసే పని. అక్కడ వెంట్రుకవాసి తేడా వచ్చినా ఒప్పుకునేవారు కాదట. ఇంట్లో చూడబోతే, వంటింట్లో ఆయన స్వహస్తాలతో బిగించిన ఇనప పైపు, అబ్బ, ఏం చెప్పను! మూలనుంచి బయల్దేరి, గోడకి అంటకుండా నాలుగు వేళ్ళు ఎడంగా, చెక్కముక్కల మీద ఊరేగుతూ అడ్డంగా ఇవతలికొచ్చి, అక్కణ్ణించి పైకి లేచి, నడుం ఎత్తున కుళాయి. నేను కాపరానికొచ్చిన కొత్తలో మూడుసార్లు మోకాలు కొట్టుకున్నాను. మా అత్తయ్య ఒకటే నవ్వు. "లోకానికంతా తిన్నగా కోస్తారమ్మా, నా వంటింటికొచ్చేసరికి ఆయన చెయ్యి వంకర పోయింది" అనేది. వచ్చినవాళ్ళందరికీ చూపించి మరీ అనేది. ఆయన వింటూనే చెప్పులేసుకుని బయటికెళ్ళిపోయేవారు.

ఏం చెబుతున్నాను? ఆఁ, చేతులు. అత్తయ్యకి యాభై దాటాక వేళ్ళ కణుపులు వాచిపోయాయి. పొద్దున్నే పిడికిలి బిగిసేది కాదు. బట్టలు పళ్ళబిగువున పిండేది, నేను చూస్తున్నానని తెలిస్తే అటు తిరిగిపోయేది. నేనుతుకుతాను ఇవ్వండి అంటే, "నేను పోయాక ఉతుకుదువుగానిలే" అనేది. డాక్టరు ఖరాఖండిగా చెప్పేశాడు, ఇంకా పిండుతూ కూర్చుంటే ఆ వేళ్ళు బొత్తాం పెట్టుకోవడానిక్కూడా పనికిరావని. అప్పుడు మీ తాత బట్టలుతికే మిషను తెచ్చాడు. నీళ్ళొచ్చే దారీ, పోయే దారీ రెండూ ఉన్నది వంటింట్లోనే. తీరా పెట్టబోతే ఈ పైపు అడ్డం! మిషను జానెడు ముందుకొచ్చి కూర్చుంది, పెరటి తలుపు తెరుచుకోదు. మూడురోజుల్లో అయితే కొట్టువాడు వెనక్కి తీసుకుంటాడు. అత్తయ్యకి కావలసిందీ అదే. "పట్టదుగా, తిప్పి పంపెయ్యండి, నా చేతులు నాకున్నాయి" అంది. మొదట వచ్చిన ప్లంబరు ఇదిగో, ఇప్పటి నీ వాడిలాంటివాడే. అరగంట పని అంటూ రంపం తీశాడు. మామగారు వెళ్ళి పైపుకీ వాడికీ మధ్య నిలబడ్డారు. "దీనిమీద చెయ్యి వెయ్యొద్దు." అంతే, ఎందుకూ అంటే చెప్పరు. మీ తాతకి ఒళ్ళు మండిపోయింది. "అమ్మ చేతులకంటే మీ పైపు ఎక్కువైందా నాన్నా?" అని అరిచేశాడు. దాచడమెందుకు, నాకూ అలాగే అనిపించింది. ఇంత మొండిమనిషి ఏమిటా అనుకున్నాను. రెండురోజులు ఇంట్లో ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకోలేదు.

మూడోరోజు ఇంకో ప్లంబరు, నత్త మేస్త్రీ వచ్చాడు. అసలు పేరేమిటో ఎవరికీ తెలీదు, పని అంత నిదానం మరి. నత్త మేస్త్రీ అంటే తనూ నవ్వుతూ పలికేవాడు. సంచీ దించాడు గాని పనిముట్టు ఒక్కటీ తియ్యలేదు. గోడ దగ్గర చతికిలబడి ఈ చివరనుంచి ఆ చివరకి పైపుని తడుముకుంటూ వెళ్ళాడు. ప్రతి అతుకు దగ్గరా ఆగడం, తడి ఉందా లేదా అని వేలు పెట్టి చూసుకోవడం. నాకు విసుగొచ్చి గిన్నెలు సర్దుకుంటున్నాను. ఆఖరికి తలెత్తి, "ఇది వేసినవారెవరండీ?" అన్నాడు. మామగారు పోట్లాటకి సిద్ధమైపోయి, "నేనే, ఏం?" అన్నారు. "చూడబోతే ముప్పై ఏళ్ళనాటిది, ఒక్క అతుక్కీ చెమ్మ లేదండీ. ఇంత చెయ్యి తిరిగినవారు ఊరికే ఇలా వెయ్యరు. ఎందుకు వేశారో చెబితే, ఎలా తియ్యాలో చూద్దాం." చూశావా! ఎందుకు తియ్యనివ్వరని అందరం మీదపడ్డాం గాని, ఎందుకు వేశారని ఒక్కళ్ళమైనా అడిగామా?

ఆయన పైపు మీద చెయ్యి వేశారు. తర్వాత చెప్పారు. అప్పట్లో అది అద్దె ఇల్లట. కుళాయి ఆ మూల, నేలకి జానెడెత్తులో ఉండేదట. మీ తాత కడుపులో ఉన్నాడు, నెలలు నిండుతున్నాయి, వంగితే అత్తయ్యకి కళ్ళు తిరిగేవట. ఇంటాయనేమో గోడ ముట్టుకోవడానికి వీల్లేదన్నాడట. "అందుకే నేలమీద చెక్కలు నిలబెట్టి పైకి తెచ్చాను. ఆవిడ వంగకుండా. తర్వాత ఇల్లు మనదైంది గాని, తియ్యబుద్ధి కాలేదు." ఆయన నోట అన్ని మాటలు ఒక్కసారి రావడం నేనెరగను. ఇటు తిరిగి చూద్దును కదా, గుమ్మంలో అత్తయ్య! ఎప్పుడొచ్చిందో. "పాత కుళాయి పాడైంది, అందుకు మార్చానని కదండీ నాతో అన్నారు!" అంది. "నీకోసమంటే వద్దనేదానివి" అన్నారాయన. "నీకోసమంటే నువ్వెప్పుడు ఒప్పుకున్నావు గనక?" అన్నారు మళ్ళీ. ఆవిడ తన చేతులకేసి చూసుకుంది. "సరే, పెట్టించండి" అంది.

మామగారు మేస్త్రీ చేతిలోంచి పానా తీసుకున్నారు. ఆ మరలు తన చేతికైతేనే మాట వింటాయట. ఇద్దరూ నేలమీద కూర్చుని ఒక్కో అతుకూ విప్పి, గోడ తవ్వి అదే పైపుని లోపలికి దించారు. రంపం సంచీలోంచి బయటికే రాలేదు. సాయంత్రానికి మిషను గోడకి ఆనుకుని తిరుగుతోంది, తలుపు బార్లా తెరుచుకుంది. ఏడాది తిరక్కుండానే అత్తయ్య పిడికిలి బిగిసింది, తెలుసా! కానీ ఆ మొదటిరోజు... బట్టలు బయటికి తియ్యడానికి ఆవిడ లేచేలోగా ఆయన బకెట్టు అందుకున్నారు. పెరట్లోకి వెళ్ళి, ఆ ఆరడుగుల మనిషి, తీగమీద ఆవిడ చీర ఆరేస్తున్నారు. చీర ఆరెయ్యడం ఆయనకేం తెలుసు, ఓ చివర నేలమీద ఈడుస్తోంది. నేను పరిగెత్తబోతే అత్తయ్య నా కొంగు పట్టుకు ఆపేసింది. "ఉండవే. చెయ్యనీ" అంది. ఇద్దరం గుమ్మంలోనే నిలబడి...

ఎండ మొహానే పడి కళ్ళల్లో నీళ్ళొస్తున్నాయి. ఆ తెర కాస్త ఇటు లాగవే.