అమ్మిన తుపాకీ మీద కన్ను

చిమిండైంగ్ బజారు వెనక తాయారమ్మ టీ కొట్లో సన్యాసి నోరు విప్పాడంటే పొయ్యిమీద పాలు కూడా పొంగడం మానేసి వింటాయని రంగూన్‌లో మన తెలుగువాళ్లు చెప్పుకునే రోజులవి. సన్యాసి తన్లిన్ బియ్యం మరలో కాపలాదారు. ఆదివారం మాత్రం కాపలా కాసేది తాయారమ్మ కొట్లో బెంచీనే.

ఆ ఆదివారం పొద్దున్నే ఆ బెంచీ చివర ధర్మారావు కూర్చుని ఉన్నాడు. బజార్లో ఎండుచేపల కొట్టు అతనిది. ఎదురుగా టీ చల్లారిపోతోంది, పక్కన గోనెలో చుట్టిన పొడుగాటి వస్తువొకటి గోడకి ఆనించి ఉంది. దానివైపు చూడకూడదనుకుంటూనే చూస్తున్నాడు.

అది తుపాకీ. బజార్లో రెండు కొట్లకి కన్నాలు పడ్డాయని భయపడి, సన్యాసి కోతలు విని విని మనసు పాడుచేసుకుని, వారం కిందట సన్యాసి దగ్గరే కొన్నాడు. కొన్నరోజు రాజులా ఇంటికెళ్లాడు. మర్నాడు నాలుగేళ్ల కూతురు చిన్నతల్లి ఆ గొట్టంలో వేలు పెట్టింది. వేలు ఇరుక్కుని కెవ్వుమంది. తూటా లేదని ధర్మారావుకి తెలుసు, కానీ ఆ క్షణంలో ఆ తెలివి దేనికీ పనికిరాలేదు. వేలు బయటికొచ్చింది, గోరు నిండా ఎండిన మట్టితో. అతని భార్య కమలమ్మ ఏడవలేదు, అరవలేదు. పొయ్యిలో నీళ్లు పోసి, "అదైనా ఉండాల, నానైనా ఉండాల," అని పిల్లని చంకనేసుకుని పడవెక్కి తన్లిన్‌లో అక్క భాగ్యవతి ఇంటికి వెళ్లిపోయింది. అప్పట్నుంచీ ధర్మారావుకి టీయే కూడు.

తిరిగి ఇచ్చేస్తే పోయె కదా అంటారేమో. అక్కడే ఉంది చిక్కు. మన వాళ్లలో పాత సరుకు చేతులు మారడానికి ఒక మర్యాద ఉంది. ఆవయినా, పడవయినా, తుపాకీ అయినా ఒకటే. ఆకూ వక్కా పెట్టి పుచ్చుకున్నాక కొన్నవాడు నలుగురిలో దానికి వంక పెట్టకూడదు, వెనక్కి తీసుకోమని అడగనే కూడదు. అడిగినవాడికి ఆ పైన రేవులో ముఖం చెల్లదు. అమ్మినవాడికీ ఒక కట్టడి ఉంది. అమ్మేసిన సరుకుని నలుగురిలో పొగడకూడదు. పొగిడితే కన్ను ఇంకా దానిమీదే ఉందని అర్థం. కన్ను మిగిలిన ఆవు పాలివ్వదు, కన్ను మిగిలిన పడవ గట్టు చేరదు, కన్ను మిగిలిన తుపాకీ ఎటు పేలుతుందో చెప్పలేం. అలా పొగిడినవాడు పుచ్చుకున్నది ఇచ్చేసి, సరుకు వెనక్కి తీసుకోవాల్సిందే. కాకపోతే ఆ మాట తేల్చాల్సింది పెద్దవాళ్లు. ఆ పెద్దవాడు అచ్చయ్య తాత, ఒకప్పుడు రేవు కూలీలకి మేస్త్రీ, ఇప్పుడు అదే బెంచీ మీద గోడకి చేరగిలబడి గుర్రు పెడుతున్నాడు.

రేపు సోమవారం ఠాణాలో లైసెన్సు మీద పేరు మారిపోతుంది. ఆ తర్వాత అచ్చయ్య తాత కాదు కదా, బ్రహ్మదేవుడు కూడా విడిపించలేడు.

సన్యాసి రానే వచ్చాడు.

"ఏటి సావుకారూ, కొత్త పెళ్లికూతుర్ని గోనెలో సుట్టి తిప్పుతున్నావేటి?"

"ఇంట్లో ఒక్కదాన్నీ వదలడం ఎందుకని, మావా," అన్నాడు ధర్మారావు. అడిగేద్దామా అని నోటిదాకా వచ్చింది. మింగేశాడు.

"దాన్ని సూస్తే నాకు కొంగ గుర్తొచ్చింది," అన్నాడు సన్యాసి, టీ అందుకుంటూ. "పెద్ద యిషయమేం కాదు. తన్లిన్ రేవులో మర పడవ మీద కూకున్నాను. పైన కొంగ ఎల్తంది. ఒక్క దెబ్బకి దించీసినాను. అంతే."

"పోయిన్నెల సెప్పినప్పుడు అది గోరింక గాదేటి?" అంది తాయారమ్మ, పాలు తిరగబోస్తూ.

"పెరగదేటప్పా? నెల్లాళ్లయింది మరి!" అన్నాడు సన్యాసి, రెప్ప వాల్చకుండా. "ఆ తరవాత ఏటయిందో తెల్సునా? కొంగ నీళ్లలో పడింది. దానికోసం మొసలి పైకొచ్చింది. మన సరంగు సంపాన్ పడవంత పొడుగు. నాను బెదిరినానా? మళ్లీ పేల్చినాను. గుండు దాని వీపుకి తగిలి, అది రాయిలాటి వీపు గదా, ఎగిరి, ఏరు దాటి, అవతల మర మీద గంటకి తగిలీసింది! టంగుమంది! కూలీలు సాయంత్రమైపోనాదనుకుని బస్తాలు దింపీసి ఇళ్లకెల్లిపోనారు. మిట్టమజ్జాన్నం! ఆ రోజు పెళ్లాలు పెట్టిన దీవెనలే నన్నింకా బతికిస్తున్నాయి."

కొట్టంతా గొల్లుమంది. ధర్మారావు ఒక్కడే నవ్వలేదు. అతను చెవులు రిక్కించి వెతుకుతున్నది వేరు. ఇందాకట్నుంచి సన్యాసి పొగుడుతున్నది సన్యాసినే. తుపాకీ గురించి ఒక్క మంచి మాట లేదు. ఇలా అయితే సాయంత్రం దాకా కూర్చున్నా తన పని కాదు.

తనకి అంత తెలివి ఉందని ధర్మారావుకి అంతవరకూ తెలియదు. అవసరం అన్నీ నేర్పుతుంది.

"గురంటే నీదే మావా," అన్నాడు నిదానంగా. "నీ సేతిలో సీపురుకట్ట పెట్టినా పేలుద్ది. దానిదేటుంది, ఇనప గొట్టం."

ఇది వంక పెట్టడం కిందికి రాదు, సన్యాసిని పొగడటం కిందికే వస్తుంది. ఎవరూ వేలెత్తి చూపలేరు. కానీ సన్యాసికి ఎక్కడో చురుక్కుమంది. గ్లాసు కింద పెట్టాడు.

"ఇనప గొట్టమా? ఏటన్నావు, ఇనప గొట్టమా?"

ధర్మారావు ఓరగా అచ్చయ్య తాతని చూశాడు. తాత గుర్రు ఇంకో మెట్టు పైకెక్కింది. ధర్మారావు కావాలనే మోచేత్తో టీ గ్లాసు తోశాడు. ఖణేల్మని కింద పడింది. తాత పెదాలు చప్పరించి అటు తిరిగి పడుకున్నాడు.

"ఇను సావుకారూ, నీకు తెలీదు," సన్యాసి లేచి నిలబడ్డాడు. "కలప అడితీలో ఏనుగుకి మదమెక్కింది ఇన్నావా? దుంగలు ఇసిరీస్తంది, దొర చెట్టెక్కీసినాడు, మావటి పరుగు. నాను ఎదురెల్లినాను. పేల్చినాననుకున్నావా? పేల్చనేదు! సూపించినాను, అంతే. దీని అందం సూసి ఏనుగు మోకాళ్లమీద కూలబడి తొండమెత్తి దండం పెట్టింది. దొర చెట్టుమీంచే టోపీ తీసినాడు."

"ఏనుగుకి తుపాకీ అందం తెల్సునేటి?" అంది తాయారమ్మ.

"ఏనుగుకి తెల్సును, మనుషులకే తెలీదు!" సన్యాసి గొంతులో నిజంగానే కోపం, దాని అడుగున ఇంకేదో ఉంది. "అప్పా, ఇలాటి తుపాకీ బర్మా దేశంలో ఇంకోటి నేదు. దీని మోత సంగతి సెప్పనా? ఓనాడు రేవులో ఆకాశంలోకి పేల్చినాను, ఊరికే, సరదాకి. ఆ మోత ఈ ఏరు దాటింది, సముద్రం దాటింది, అటు భీమిలీలో మా యమ్మ పెరట్లో మిరపకాయలు ఆరేసుకుంటంది, ఉరిమిందనుకుని గబగబా లోపలెట్టీసింది! ఓడ దిగినోడు సెప్పినాడు!"

"భీమిలీయా?"

అచ్చయ్య తాత కళ్లు తెరిచాడు. పుట్టిన ఊరు పేరు వినబడితే ఆయన చితిమీంచయినా లేస్తాడు. "భీమిలీలో ఏటయింది?"

ధర్మారావు 'మావా, ఒక్కసారి, ఇంకొక్కసారి,' అనుకున్నాడు లోపల.

సన్యాసికి వెనకా ముందూ కనిపించే స్థితి కాదది. గోనె మీద చెయ్యి వేసి, పసిపిల్లని నిమిరినట్టు నిమిరాడు. "ఈ తుపాకీ మోత భీమిలీకి ఇనబడింది తాతా! ఇది తుపాకీ కాదు, లచ్చిందేవి. ఇలాటిది మళ్లీ పుట్టదు!"

అచ్చయ్య తాత లేచి కూర్చున్నాడు. కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. టీ కొట్లో అందరికీ తెలుసు ఆ కండువా ఎప్పుడు భుజమెక్కుతుందో.

"సన్యాసీ, ఇది ఎవరిదిరా?"

"నా... మన సావుకారిది."

"అమ్మినప్పుడు ఆకూ వక్కా ఇచ్చినావా?"

"ఇచ్చినాను."

"మరి సెయ్యి తియ్యవేటిరా దానిమీంచి?"

సన్యాసి చూసుకున్నాడు. చెయ్యి ఇంకా గోనె మీదే ఉంది.

"నీ కన్ను దీనిమీదే ఉండిపోనాది," అన్నాడు తాత. "కన్ను మిగిలిన తుపాకీ పిల్లలున్న ఇంట్లో ఉండకూడదు. పుచ్చుకున్నది ఇచ్చీసి తీసీసుకో."

సన్యాసి ఎదురు మాట్లాడతాడనీ, ఖర్చయిపోయిందంటాడనీ ధర్మారావు భయపడ్డాడు. సన్యాసి నడుం దగ్గర తడుముకుని డబ్బుల మూట తీశాడు. వారం కిందట ధర్మారావు వేసిన ముడి వేసినట్టే ఉంది.

"ఇప్పబుద్ధి కానేదు సావుకారూ," అన్నాడు, కళ్లు తుడుచుకుంటూ. "అది లేక సెయ్యి బోడిగా ఉన్నాది. కొత్త కథ ఒక్కటీ పుట్టనేదు వారం బట్టి. అడుగుదామంటే మాట పోద్ది గదా."

ధర్మారావుకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వారం రోజులుగా ఇద్దరూ ఏటికి చెరో గట్టున కూర్చుని ఒకే మాట మింగారన్నమాట. గోనె విప్పి తుపాకీ అతని చేతిలో పెట్టాడు. రెండు చేతులూ ఒక్కసారిగా తేలికైపోయాయి. కడుపులో ఆకలి వేసింది, వారం తర్వాత మొదటిసారి, మనిషికి వెయ్యాల్సిన ఆకలి.

తుపాకీ చేతికి రాగానే సన్యాసికి ప్రాణం లేచొచ్చింది. భుజాన పెట్టుకుని గురి చూశాడు. "మొన్న దసరాకి కూడా పేల్చినాను! ఆ మోతకి ఇప్పటికీ ఊర్లో కుక్కలు..."

"మావా," అన్నాడు ధర్మారావు. "ఇంక నాను కొన్నోణ్ణి కాదు గదా?"

"కాదు."

"ఇనేవోణ్ణే గదా?"

"ఇనేవోడివే."

"అయితే ఆ గొట్టం ఓసారి బెంచీమీద తట్టు."

సన్యాసి తట్టాడు. ఏమీ రాలేదు. ఇంకాస్త గట్టిగా తట్టాడు. మట్టి రాలింది, దాని వెంట బొటనవేలంత మట్టి గూడు, దాని వెనక ఇంకోటి, దానికి అంటుకుని ఇంకోటి, తరతరాలుగా కాపురం ఉన్నట్టు. ఆఖరి గూట్లోంచి మట్టిగూళ్లు కట్టుకునే కందిరీగ ఒకటి తీరిగ్గా బయటికొచ్చి, రెక్కలు సర్దుకుని, తాయారమ్మ చక్కెర డబ్బా మీద వాలింది.

ధర్మారావు దాన్ని వేలితో చూపించాడు.

"సముద్రం దాటి భీమిలీలో మీ అమ్మకి ఇనబడిన మోత," అన్నాడు ధర్మారావు, "లోపల కూకున్న ఈ పురుగుకి ఇనబడనేదేటి మావా?"

అచ్చయ్య తాత నవ్విన నవ్వుకి బెంచీ కిర్రుమంది. ధర్మారావు ఖాళీ గోనె భుజాన వేసుకుని తన్లిన్ పడవకి పరుగెత్తాడు. కమలమ్మనీ పిల్లనీ తీసుకొచ్చేటప్పుడు అందులో పొయ్యికి బొగ్గులు తేవాలి.