మగ్గం ఆగిన మూడు రోజులు

"అవ్వా, సాకరపుడ అయినంక నువ్వు, తాత ఎట్ల మాట్లాడుకునేటోల్లు? అప్పుడు ఫోన్లు లేవు గద?"

మాట్లాడుడా? ఏం మాట్లాడుడు బిడ్డా. ఆ ఆకుల చాట ఇటు జరుపు, బీడీలు చుట్టుకుంట చెప్త. సాకరపుడ అయిందంటే, అంటే పిల్లగాని ఇంటోల్లు చక్కెర పొట్లం, గదే పుడ, చేతుల పెట్టి ఈ పిల్ల మాదే అన్నరంటే, ఇగ లగ్గం దాకా మొకం చూసుకునుడే లేదు. ఎదురుపడితే నేనే గోడ దిక్కు తిరుగుతుంటి. అప్పుడు మేము ఈ దాజీ పేట్లనే, ఇదే గల్లీల... కాదు కాదు, ఎనుక గల్లీల ఉంటుంటిమి. ఈ ఇల్లు మీ నాయిన పుట్టినంక కొన్నది.

మా గోడకు అవతల దిక్కే మీ తాతోల్ల ఇల్లు. ఆయన మగ్గం సప్పుడే నాకు ఖబర్. పొద్దుగాల షురూ అయిందంటే లేచిండు. జర ఆగిందంటే చాయ్ తాగుతుండు. గట్టిగ కొడుతుండంటే వాళ్లమ్మ మీద కోపమొచ్చింది. నవ్వకు. మీరు ఫోన్ల పచ్చ చుక్క చూసి ఉన్నడు ఉన్నడంటరు గద, నాదీ గదే పని. మా అమ్మ తిడుతుండె, చెవులెటు పెట్టినవే, దారం ఒదులైతుంది, కార్ఖాన్ల బీడీలన్ని ఏరి పారేస్తరని.

ఒకసారి ఏమైందంటే, మగ్గం ఆగింది. ఒక రోజు పోయింది, రెండు రోజులు పోయినయ్. మనిషి ఇంట్లనే ఉన్నడు, దగ్గు ఇనబడుతుంది. మూడో రోజు నా దిమాక్ ఖరాబైంది. ఈయనకు నేను నచ్చలే, పని కూడ ఒదిలి కూసున్నడు, లగ్గం ఎట్ల తప్పించుకుందునా అని చూస్తుండు అనుకున్న. అమ్మకు చెప్పలే, నాయినకు చెప్పలే. డబ్బాల దాచిన చక్కెర పుడ తీసిన. అప్పుడు చక్కెర ఎంత పిరమో, చిటికెడు గూడ నాలిక మీద ఏసుకోలే. పోయి వాళ్ల కడప మీద పెట్టి ఉరికొచ్చిన. పుడ వాపస్ ఇస్తే సంబంధం ఒద్దన్నట్టే, తెలుసు గద.

జర సేపటికి మీ తాత పుడ పట్టుకొని మా వాకిట్ల నిలబడ్డడు. చేతులనిండ బూడిద. అమ్మ లోపలికి పొమ్మన్నా నేను పోలే. ఆయన మెల్లగ అన్నడు.

"మగ్గం ఆగితే పని ఆగినట్టా? పాత పడుగు అయిపోయింది. కొత్త పోగులు అతుకుతున్న."

సిగ్గుతోని సచ్చిన బిడ్డా. సాలోల్ల ఇంట్ల పుట్టిన నాకు తెల్వదా? కొత్త పడుగు ఎక్కియ్యాలంటే ఒక్కొక్క పోగు పాతదానికి బూడిద వేళ్లతోని మెలిపెట్టాలె. వెయ్యి పోగులు, రెండు వేలు. సప్పుడే ఉండదు. మా నాయిన చేస్తుంటే చిన్నప్పటి సంది చూసిన, నిజం. కోపంల అంత మరిచిపోయిన. ఆయన పుడ మా అమ్మ చేతుల పెట్టి, పోయి మల్ల పోగుల కాడ కూసున్నడు. లగ్గమైనంక, చాయ్ల చక్కెర ఏద్దామని డబ్బా తీస్తే సాలు, "కడప మీద పెట్టకు" అంటుండె. ముప్ఫై ఏండ్లు అన్నడు.

గా కుంఠా నాకా కాడి పిల్లగాడు, నీకు సాకరపుడ అయిన అభిషేక్, నాలుగు రోజుల సంది జవాబిస్తలేడంటున్నవ్. చూసిండు, నీలం టిక్కులు పడ్డయంటున్నవ్. లగ్గం ఒద్దని ఫోన్ల రాసి పెట్టుకున్నవ్, ఇగ ఒత్తుడే బాకీ. నాకు సదువు రాకుంటే ఏంది, పొద్దటి సంది నీ బొటనేలు చూస్తనే ఉన్న.

ఆ పిల్లగాడు మంచోడే అని నేననను. సప్పుడు చెయ్యనోల్లందరు పోగులే అతుకుతరా? మా అక్క మొగడు గిట్లనే మాట్లాడకుంట మాట్లాడకుంట, పడుగు కోసినట్టు తెంపుకొని పోయిండు. మా అక్క బతుకంత ఏడ్చింది. గది గూడ ఉంటది. కానీ మీ తాత వచ్చి నిలబడ్డడు కాబట్టి ఆ బూడిద చేతులు నేను చూసిన. నీ ఫోన్ల ఆ పిల్లగాని చేతులు కనబడతయా?

అది అట్లనే ఉండని, ఒత్తకు. నేను చీర మార్చుకొనొస్త, కొంతం చౌక్ల ఆటో దొరుకుతది. పోయి వాళ్ల వాకిట్ల నిలబడి అడుగుదాం. ఒద్దనాలనిపిస్తే మొకం మీదనే అను, నేను పక్కన్నే ఉంట. సల్లగుండు బిడ్డా, నీ మనసు సల్లగుండాలె. చెప్పులేసుకో. నీ చక్కెర పుడ గూడ పట్టు... ఒద్దులే. అది ఇంట్లనే ఉండని.